వేలికి తగలని ముద్ర

పోయిన వారం మా పిన్ని కూతురు కెనడా నుంచి ఒక స్క్రీన్‌షాట్ పంపింది. దానికి అక్కడి పౌరసత్వం వచ్చింది. సర్టిఫికెట్ పోస్టులో కాదు, ఆన్‌లైన్‌లోనే ఇచ్చారట.

"అక్కా, డౌన్‌లోడ్ చేశా, ప్రింట్ తీశా, పాస్‌పోర్ట్ అప్లికేషన్‌తో పెట్టేశా. ఖేల్ ఖతం. మీ అమెరికాలో ఇంకా ఆ ఒక్క కాగితం పట్టుకునే తిరుగుతున్నారా?" అని రాసి, కింద నవ్వే బొమ్మలు వరసగా పెట్టింది.

మామూలుగా అయితే రెండు సెకన్లలో తిరిగి ఒకటి తగిలించేదాన్ని. ఆ రోజు ఆఫీస్ పార్కింగ్‌లో, కార్ ఆపాక కూడా దిగకుండా, ఆ సర్టిఫికెట్‌ని రెండు వేళ్ళతో పెద్దది చేసుకుంటూ కూర్చున్నాను. పైన ఆ దేశపు చిహ్నం ఉంది. దాని మీద బొటనవేలు పెట్టి రుద్దాను. ఫోన్ అద్దం మీద వేలు నున్నగా జారిపోయింది.

"చేత్తో పట్టుకోలేంది నాదెట్టవుద్ది అమ్మడూ?"

ఆంటీ మాట. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది.

ఆవిడ పేరు రాయను. మా మోరిస్‌విల్ తెలుగు చర్చిలో ఆంటీలు చాలామంది ఉన్నారు, కానీ ఊరికే 'ఆంటీ' అంటే ఈవిడే. పేరు రాయకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ పేరుని కాపాడాల్సిన చోట నేను కాపాడలేదు. ఇక్కడైనా దాన్ని వదిలేయడం న్యాయం అనిపించింది.

ఆవిడది బాపట్ల. తమ్ముడు ఎప్పుడో స్పాన్సర్ చేస్తే, ఏళ్ళకేళ్ళు వరసలో ఉండి, నడివయసు దాటాక వచ్చింది. ఒక స్కూల్ క్యాంటీన్‌లో పిల్లలకి మధ్యాహ్నం భోజనం వడ్డించేది. ఆవిడ ఇంగ్లీషంతా ఆ లైన్‌లో నేర్చుకున్నదే. 'నెక్స్ట్, హనీ', 'హాట్, కేర్‌ఫుల్', 'మై మిస్టేక్, సారీ'. ఈ మూడు ముక్కలతో బ్యాంకుకీ వెళ్ళొచ్చేది, డాక్టర్ దగ్గరికీ వెళ్ళొచ్చేది.

కాగితం ముట్టుకునే ముందు చేతులు కడుక్కునేది. కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, వేళ్ళ సందుల్లో కూడా తుడుచుకుని, అప్పుడు ముట్టుకునేది. కరెంటు బిల్లయినా సరే. కాగితాలన్నీ ఒక దిండు గలీబులో ఉండేవి. బాపట్లలో ఉన్న వాళ్ళక్క మిషన్ మీద కుట్టి పంపింది దాన్ని. ఒక పక్క మూత, మూతకి నాడా. అమ్మ చిన్నప్పుడే పోతే ఆ అక్కే ఈవిడని పెంచిందట. నాడా విప్పేటప్పుడల్లా ఆంటీ "మా అక్క ముడి" అనేది, ఎవరూ అడక్కపోయినా.

నా ఫోన్‌కీ ఆవిడకీ పడేది కాదు. అది మోగిందంటే చాలు, "నీ మొగుడు పిలుస్తున్నాడు, పో" అనేది. చర్చిలో ప్రార్థన మధ్యలో నేను కిందకి చూస్తే మోచేత్తో పొడిచేది. "కళ్ళు మూసుకోవే. మీ ఆయన ఎటూ పోడు."

"ఆంటీ, మీ కాగితాలన్నీ స్కాన్ చేసి ఇందులో పెడతా. గీ సంచి మోసుడు బంద్ అయితది" అన్నానొకసారి. నేను సికింద్రాబాద్‌లో పెరిగినదాన్ని. ఆవిడని ఉడికించాలనుకున్నప్పుడు నా యాస ఇంకాస్త ముదిరేది.

ఆవిడ నా ఫోన్ అద్దాన్ని గోటితో టక్ టక్ అని తలుపు కొట్టినట్టు కొట్టింది. "లోపలుంటాయా?"

"లోపలుంటయ్."

"చార్జింగ్ అయిపోతే?"

"మళ్ళీ పెడతం."

"మా అక్క కుట్టిన సంచీకి చార్జింగ్ అక్కర్లేదమ్మా" అని చక్కా పోయింది.

చర్చి అయ్యాక ఫెలోషిప్ హాల్లో ఒక బల్ల దగ్గర నేను కూర్చునేదాన్ని. ఎవరికి ఏ ఫారం కావాలన్నా, ఏ అపాయింట్‌మెంట్ బుక్ చేయాలన్నా నా దగ్గరికే పంపేవాళ్ళు. నాకు గ్రీన్‌కార్డే లేదు. నా వీసా గడువు చూసుకుంటూ బతుకుతున్నదాన్ని, ఇతరుల పౌరసత్వం ఫారాలు నింపేదాన్ని. అప్పుడప్పుడు అది కడుపులో మండేది. దాన్ని ఎవరిమీదా చూపించలేదని అనుకునేదాన్ని.

ఆంటీ పౌరసత్వ ప్రమాణానికి నేనే డ్రైవ్ చేశాను, వాళ్ళ తమ్ముడికి సెలవు దొరకలేదు. గ్రీన్‌కార్డ్ వెనక్కి తీసేసుకుని సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. బయట వాన. ఆవిడ ఆ కాగితాన్ని దిండు గలీబులో పెట్టి, ఆ గలీబుని రవికకీ చీరకీ మధ్య దోపుకుని, పైన కోటు గుండీలన్నీ పెట్టుకుని, గుడ్లు మోస్తున్నదానిలా పార్కింగ్ దాటింది. కార్లో కూర్చున్నాక బయటికి తీసి, కాగితం మీద ఉబ్బెత్తుగా ఉన్న ముద్ర మీద బొటనవేలు పెట్టి గుండ్రంగా తిప్పింది.

"తగులుతుందే అమ్మడూ. నువ్వూ చూడు."

"నేను డ్రైవ్ చేస్తున్నా ఆంటీ."

"సిగ్నల్ దగ్గర చూద్దువులే."

సిగ్నల్ దగ్గర నేను ఫోన్ చూసుకున్నాను.

ఆ తర్వాత మూడు ఆదివారాలు ఆ సర్టిఫికెట్ చర్చికి వచ్చింది. ఎవరికో ఒకరికి చూపించడం, వాళ్ళ చేతులు తడిగా ఉన్నాయేమోనని భయపడటం, నా బల్ల దగ్గరికి వచ్చి "సిరా చెదరలేదుగా, ఒకసారి చూడు" అనడం. మూడో ఆదివారం ఎవరి పిల్లాడో దాని పక్కన జ్యూస్ గ్లాసు పెట్టాడు. ఆంటీ కేక వేసింది. ఒక్క చుక్క కూడా పడలేదు. అయినా ఆవిడ కాగితాన్ని గలీబులో పెట్టేసి నాడాకి రెండు ముళ్ళు వేసింది.

నాకు విసుగొచ్చింది. "ఇవ్వండి ఆంటీ, దీని సంగతి నేను చూస్తా" అని కార్ ఎక్కించి, స్టేషనరీ సామాన్లమ్మే పెద్ద షాపుకి తీసుకెళ్ళాను. అక్కడ లామినేషన్ చేస్తారు.

మా ఇంట్లో లామినేట్ చేయని కాగితం లేదు. నా టెన్త్ మెమో నుంచి తాతయ్య రేషన్ కార్డు దాకా నాన్న అన్నింటినీ జిరాక్స్ షాపుకి మోసుకెళ్ళి ప్లాస్టిక్‌లో వేయించాడు. మా దగ్గర ఒక కాగితం మీద గౌరవం ఉందంటే అది లామినేట్ అయి ఉంటుంది. నాకు ఇంకో ఆలోచనే రాలేదు.

ఆంటీకి వచ్చింది. కౌంటర్ దగ్గర గలీబుని గుండెకి ఆనించుకుని నిలబడింది.

"గవర్నమెంటు వాళ్ళ కాగితం కదమ్మడూ. ప్లాస్టిక్ వేయొచ్చో లేదో ఆఫీసులో ఎవర్నన్నా అడుగుదామా?"

"అడగక్కర్లేదు."

"పోనీ నీ ఫోన్లో చూడరాదూ. దాన్ని ఎప్పుడూ చూస్తూనే ఉంటావుగా."

"చూశా ఆంటీ. ఏం ఫర్వాలేదని ఉంది."

నేను చూడలేదు. ఆ క్షణంలో నా చేతిలో ఫోన్ ఉంది, అందులో స్నేహితురాలి పెళ్ళి ఫోటోలు ఉన్నాయి. అర నిమిషం పని.

ఆవిడ చేతులు తుడుచుకుని నాడా విప్పింది. కాగితం మిషన్‌లోంచి వెచ్చగా బయటికి వచ్చింది. ఆంటీ దాన్ని అటూ ఇటూ తిప్పి, ముద్ర మీద బొటనవేలు పెట్టింది. జారిపోయింది. మళ్ళీ పెట్టింది.

"ఇప్పుడు తగలట్లేదే" అంది.

"వాన పడ్డా ఏం కాదు ఇప్పుడు. ఖుషీ?"

"ఖుషీలే" అంది. నా సంతోషం కోసం అన్న మాట అది.

పది రోజులకి బాపట్ల నుంచి ఫోన్. వాళ్ళక్కకి గుండె జబ్బు ముదిరింది, ఆసుపత్రిలో ఉంది. ఆంటీ ఆమెని చూసి చాలా ఏళ్ళయింది. పౌరసత్వానికి అప్లై చేశాక, దేశం దాటితే ఎక్కడ ఇంటర్వ్యూ తప్పిపోతుందోనని ఆగింది. "సిటిజెన్ అయిపోయి దర్జాగా వస్తాను, కాసుకో" అని అక్కకి మాటిచ్చింది. ఇప్పుడు సిటిజెన్ అయింది. గ్రీన్‌కార్డ్ లేదు. ఇండియా పాస్‌పోర్ట్ చెల్లదు. అమెరికా పాస్‌పోర్ట్ ఇంకా రాలేదు. అది వస్తేనే ఇండియా వీసా. అన్నింటికీ మొదలు ఆ ఒక్క కాగితం.

పోస్టాఫీసులో పాస్‌పోర్ట్ అపాయింట్‌మెంట్ దగ్గరలో దొరకలేదు. నేను ఫోన్ పట్టుకుని గంటగంటకీ పేజీ రిఫ్రెష్ చేసి, ఎవరో మానుకున్న స్లాట్ ఒకటి సంపాదించాను. అరవై మైళ్ళ దూరంలో. నా ఫోన్ ఆ రోజు నాకు దేవుడిలా కనిపించింది. ఆంటీ కూడా దాన్ని చూసి, "మీ ఆయన పనికొచ్చాడే!" అంది.

కౌంటర్‌లో ఉన్న మనిషి పెద్దాయన, మర్యాదస్తుడు. ఫారం చూశాడు, ఫోటో చూశాడు, అన్నింటికీ తల ఊపాడు. సర్టిఫికెట్ తీసుకుని ముద్ర మీద బొటనవేలు పెట్టాడు. అచ్చం ఆంటీలాగే గుండ్రంగా తిప్పాడు. వేలు జారింది. కాగితాన్ని లైట్ కిందకి తీసుకెళ్ళాడు. లోపలికి వెళ్ళి ఇంకొకరిని పిలుచుకొచ్చాడు. ఇద్దరూ చూశారు.

"ఇది తీసుకోలేను మేడమ్. ముద్ర నా వేలికి తగలాలి. ప్లాస్టిక్ వేస్తే కాగితాన్ని మార్చినట్టు లెక్క. దీని బదులు ఇంకోటి తెప్పించుకోవాలి."

"ఎన్ని రోజులు పడుతుంది?" అన్నాను.

"రోజులు కాదు. నెలలు."

నేను ఫోన్ తీసి, లామినేట్ చేయకముందు తీసిన ఫోటో చూపించాను. పెద్దది చేసి చూపించాను. ఆయన కనీసం కళ్ళజోడు కూడా సర్దుకోలేదు. "ఫోన్లో ఉన్నది నాకు పనికిరాదమ్మా" అన్నాడు ఇంగ్లీషులో. అదే మాట నేను ఎన్నిసార్లు విన్నానో, తెలుగులో.

నా తప్పని తెలిసిన మరుక్షణం నాకు కోపం వస్తుంది. అది నా రోగం. ఆయన మీద అరవలేను కాబట్టి పక్కకి తిరిగాను.

"మీరు దాన్ని అట్లా ఊరంతా ఊరేగించకపోతే ఇది అయ్యేదా ఆంటీ? ప్రతి ఆదివారం తడిసిందా, నలిగిందా అని నా ప్రాణం తీసిన్రు! ఇప్పుడు చూడండి!"

తెలుగే. అయినా గొంతుకి అనువాదం అక్కర్లేదు. లైన్‌లో ఉన్నవాళ్ళంతా చూశారు. ఒకామె తన బిడ్డని దగ్గరికి లాక్కుంది.

ఆ పెద్దాయన ఫారం వెనక్కిస్తూ, ఊరికే తెలుసుకుందామని అడిగినట్టు, "ఎవరు చేశారు ఇది?" అన్నాడు.

నేను నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను. దాంట్లోంచి ఏమీ రాలేదు.

ఆంటీ కౌంటర్ మీద చెయ్యి పెట్టింది. "ఐ, సర్. మై మిస్టేక్. సారీ" అంది. క్యాంటీన్‌లో ఏ పిల్లాడి పళ్ళెంలోనో సాస్ ఎక్కువ పడినప్పుడు అన్నట్టే, అదే గొంతుతో.

తిరుగు ప్రయాణంలో ఆవిడ గలీబుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆవిడ తిడితే బాగుండునని ఎదురుచూస్తున్నాను. తిడితే నేనూ ఒక మాట అనొచ్చు, గొడవైపోతుంది, తేలికైపోతుంది. చివరికి నేనే, "నేను చేశానని చెప్పొచ్చుగా ఆంటీ" అన్నాను. అందులోనూ కసురే.

ఆవిడ నన్ను వింతగా చూసింది. "ఎట్టా చెప్తానే? గవర్నమెంటు కాగితం పాడు చేసిన మనిషని నీ పేరు రాసుకుంటే? నీ వీసా కాగితాలు వాళ్ళ దగ్గర లోపలున్నాయిగా. నాదంటే అయిపోయింది, నన్ను ఎల్లగొట్టరు. నీదింకా అవలా."

అట్లా ఎవరూ పేరు రాసుకోరు ఆంటీ, దానికీ వీసాకీ సంబంధం లేదు ఆంటీ, అని నాకు తెలుసు. ఆవిడకి తెలియదు. ఆవిడ నిజంగానే నన్ను ఏదో పెద్ద ప్రమాదంలోంచి తప్పించానని అనుకుంటోంది. అక్కని చూసే దారి మూసుకుపోయిన పూటే, కౌంటర్ ముందు నిలబడి, ఆవిడ లెక్కేసింది నా వీసా గురించి.

"థాంక్స్ ఆంటీ" అనైనా అనలేదు నేను. రేడియో పెట్టాను.

కొత్త సర్టిఫికెట్ కోసం అప్లై చేశాం. పాతది కూడా దాంతోపాటే పంపించేయాలి. అర్జెంటని ఉత్తరాలు రాశాం, ఆసుపత్రి కాగితాలు జతచేశాం, ఫోన్లు చేశాం. నా ఫోన్ రోజూ ఒకే మాట చూపించేది: 'పరిశీలనలో ఉంది'. ఆంటీ ఆదివారం బల్ల దగ్గరికి వచ్చి అద్దం మీద టక్ టక్ మని కొట్టేది. "ఏమంటున్నాడు?" నేను తల అడ్డంగా ఊపేదాన్ని. "పడుకున్నాడు గామాలు" అని వెళ్ళిపోయేది.

చర్చిలో అందరికీ తనే చెప్పుకుంది, "బుద్ధి లేక ప్లాస్టిక్ వేయించా" అని. నేను పక్కనే ఉండి విన్నాను. మొదటిసారి విన్నప్పుడు చెమట పట్టింది. నాలుగోసారికి అలవాటైపోయింది. ఇది రాయడానికి నాకు అన్నింటికంటే కష్టంగా ఉంది: అలవాటైపోయింది.

వాళ్ళక్క ఆగస్టులో పోయింది. సమాధి కార్యక్రమం అక్కడ సాయంత్రం, మాకు పొద్దున ఆరున్నర. ఆంటీ తెల్లచీర కట్టుకుని, తల దువ్వుకుని, చర్చికి వెళ్ళేటప్పటిలా వంటగది కుర్చీలో కూర్చుంది. నేను ఫోన్‌ని ఆవిడ చేతిలో పెట్టబోయాను. "ఆగు" అని లేచింది. సింక్ దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. వేళ్ళ సందుల్లో కూడా. అప్పుడు రెండు చేతుల్తో అందుకుంది.

పాట మధ్యలో బొమ్మ ఆగిపోయింది. అక్క ముఖం మీదే ఆగింది. నేను సరిచేయబోతే, "ఉండనీ" అంది. బొటనవేలు ఆ ముఖం మీద పెట్టి, మెల్లగా గుండ్రంగా తిప్పింది. పిక్చర్ పెద్దదైంది, చిన్నదైంది, పక్కకి జరిగిపోయింది. ఆవిడకి ఏం చేయాలో తెలియలేదు. చేయి తీసేసి, "నువ్వే పట్టుకో అమ్మడూ. నాకు చాతకావట్లా" అంది.

కొత్త సర్టిఫికెట్ ఆ తర్వాత వచ్చింది. నా చేతికి ఇస్తూ, "కడుక్కున్నావా?" అని నవ్వింది కూడా. పాస్‌పోర్ట్ వచ్చింది. వెళ్దాం ఆంటీ, టికెట్ బుక్ చేస్తా, నేనూ వస్తా అన్నాను. నేను దేశం దాటితే తిరిగి రావడానికి మళ్ళీ వీసా స్టాంపింగ్ గొడవ ఉందని ఆవిడకి తెలుసు. "నువ్వెక్కడికి వస్తావ్, కూర్చో" అంది. తనూ వెళ్ళలేదు. "ఎవర్ని చూడ్డానికి?" అంది, అంతే. చలికాలంలో స్కూల్లో, ట్రే పట్టుకునే పడిపోయిందట. మళ్ళీ లేవలేదు.

అంత్యక్రియలయ్యాక వాళ్ళ తమ్ముడు నన్ను పిలిచి గలీబు చేతిలో పెట్టాడు. "ఈ పాస్‌పోర్ట్ వాపసు చేయాలో ఏమో, నీకైతే తెలుస్తుందమ్మా." నాడా ముడి గట్టిగా ఉంది. హాల్లో కూర్చుని విప్పాను. పాస్‌పోర్ట్‌లో ప్రతి పేజీ తిప్పాను. ఒక్క ముద్ర లేదు. పక్క బల్ల దగ్గర ఎవరో కాఫీ తాగుతూ, "పిచ్చి తల్లి, అంత జాగ్రత్త మనిషి, చూసి చూసి లామినేట్ చేయించుకుంది" అన్నారు. ప్రేమగానే నవ్వారు. నేనూ చిన్నగా నవ్వాను. నవ్వాను.

ఇప్పటికీ మా చర్చిలో ఎవరికి కొత్తగా సర్టిఫికెట్ వచ్చినా, "జాగ్రత్త, ఆంటీలాగా లామినేట్ చేయకు" అంటారు. ఆవిడ జీవితమంతా కాగితాన్ని చేతులు కడుక్కోకుండా ముట్టలేదు. ఆవిడ గురించి మిగిలిన మాట మాత్రం అది.

మొన్న ఆదివారం ఒక కొత్త జంట నా బల్ల దగ్గరికి వచ్చారు. ఈమధ్యే పౌరసత్వ ప్రమాణం చేశారు, పాస్‌పోర్ట్‌కి అప్లై చేయాలి. భర్త ఫోల్డర్ తెరుస్తూ నవ్వాడు. "లామినేట్ చేయలేదులెండి. ఎవరో పాపం ముసలావిడ చేయించుకుందట కదా ఇక్కడ."

ఫోన్ బల్ల మీద వణికింది. కెనడా నుంచి. దాన్ని బోర్లా తిప్పాను.

"ఆవిడ చేయించుకోలేదు" అన్నాను. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది, పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు. "నేను చేయించాను. అడుగుదామని ఆవిడ అంది. చూశానని అబద్ధం చెప్పి నేనే చేయించాను. తప్పు ఆవిడ తన మీద వేసుకుంది. నేను వేసుకోనిచ్చాను."

అతను భార్య వైపు చూశాడు. ఆమె నా వైపు చూసింది. వాళ్ళు ఆంటీని ఎప్పుడూ చూడలేదు.

"అయ్యో, అవునా" అంది ఆమె. తర్వాత ఫోల్డర్‌లోంచి రెండు ఫోటోలు తీసింది. "అక్కా, ఈ సైజ్ ఓకేనా?"

"ఒక్క నిమిషం" అని లేచి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాను.